రాళ్ళ నోట అబద్ధం పెట్టకండి



ఈ వారం కీర్తనల ధ్యానం రాయాలని కూర్చున్నాం. రాయలేకపోయాం. గత నెల రోజుల్లో ఒకే ఫోటో మా ఫోనుకు పదకొండు సార్లు వచ్చింది. సంఘ పెద్దలు పంపారు. స్త్రీల సమాజం గ్రూపులో వచ్చింది. తోటి సేవకులు పంపారు. బూడిదరంగు పలకరాయి మీద రొయ్యలాంటి ఒక జీవి. తల నుండి నడుము దాకా, తెరిచిన పుస్తకాన్ని బోర్లించినట్టు రెండు రెక్కల పెంకు. వెనక సన్నటి ఒళ్ళు, చివర చీలిన తోక. ఫోటో కింద పెద్ద అక్షరాలతో రాత. కడప జిల్లా జమ్మలమడుగు దగ్గర నాపరాతి గనిలో నోవహు కాలపు జలచరం బయటపడిందట. జలప్రళయపు బురద దాన్ని ఒక్క క్షణంలో కప్పేసిందట. శాస్త్రవేత్తలకు నోట మాట లేదట. పదిమందికి పంపితే ఆశీర్వాదమట.

పోయిన నెల ప్రొద్దుటూరులో జరిగిన ఒక ఐక్య కూటంలో ఈ ఫోటోను తెర మీద వేసి చూపారు. జనం హల్లెలూయ అన్నారు. మేమూ అక్కడే కూర్చొని ఉన్నాం. చప్పట్లు కొట్టలేదు గాని, లేచి నిలబడి "అయ్యా, ఇది ఎక్కడిది?" అని అడగనూ లేదు. పదిమందిలో సాటి సేవకుడిని అడ్డుకుంటే బాగుండదని ఊరుకున్నాం. ఆ రాత్రి ఇంటికి వచ్చాక నిద్ర పట్టలేదు. అక్కడ మూసుకున్న నోరు ఇక్కడ తెరుస్తున్నాం. కొందరికి కోపం వస్తుందని తెలుసు. అయినా చదవండి.

ముందుగా అసలు మాట. ఆ ఫోటోలోని జీవి కడపది కాదు. మన కొండల రాళ్ళలో అది లేదు. దేవుని పేరు చెప్పి దాన్ని మన రాయిగా చూపించడం అబద్ధ సాక్ష్యం. పది ఆజ్ఞలలో అబద్ధ సాక్ష్యాన్ని నిషేధించిన ఆజ్ఞకు, "సువార్త కోసమైతే పరవాలేదు" అనే మినహాయింపు ఎక్కడా లేదు.

ఆ జీవి పేరు వాప్టియా. దాని రాయి దొరికింది కెనడా దేశపు కొండల్లో, బర్జెస్ షేల్ అనే పలకరాతి పొరల్లో. 1909 ఆగస్టు నెలాఖరులో చార్లెస్ వాల్కాట్ అనే అమెరికా శాస్త్రవేత్త ఆ చోటును కనుగొన్నాడు. తరువాతి సంవత్సరాలలో అక్కడికి మళ్ళీ మళ్ళీ వెళ్ళి దాదాపు 65,000 నమూనాలు తెచ్చాడు. 1912లో ఈ జీవికి దగ్గరలోని వాప్టా కొండ పేరు పెట్టాడు. ఆల్చిప్పకు ఉన్నట్టు రెండు చిప్పలు ఉన్నాయి గదా అని అది ఆల్చిప్ప జాతి అనుకోకండి. చిప్పల కింద కీళ్ళ కాళ్ళున్నాయి. కాడల మీద కళ్ళున్నాయి. పొడవాటి మీసాలున్నాయి. రొయ్య, పీత, తేలు, జెర్రి, మిడత చేరిన పెద్ద కుటుంబానికి చెందినది. నిడివి మన చేతివేలంత. ఇప్పుడు భూమి మీద ఎక్కడా లేదు. ఆ రాళ్ళ వయసు సుమారు 50 కోట్ల 80 లక్షల సంవత్సరాలు.

ఇక మన రాళ్ళ సంగతి. మనం పుట్టి పెరిగిన నేల గురించి మనకంటే బయటివాళ్ళకే ఎక్కువ తెలియడం మనకు సిగ్గుచేటు. 1872లోనే విలియం కింగ్ అనే జియలాజికల్ సర్వే ఉద్యోగి కడప, కర్నూలు రాతిపొరల మీద పెద్ద గ్రంథం రాశాడు. అప్పటినుండి నూట యాభై ఏళ్ళుగా ఎందరో సుత్తులు పట్టుకొని ఈ కొండలన్నీ తిరిగారు. వేంపల్లె పేరు మీద ఒక రాతి వరుసే ఉంది. తాడిపత్రి పేరు మీద ఇంకొకటి ఉంది. గండికోటలో పెన్నా చీల్చుకొని పారే ఆ ఎర్రటి గట్టురాయికీ శాస్త్రంలో గండికోట పేరే ఉంది. మన పల్లెల పేర్లు ప్రపంచమంతా చదువుతోంది. మనం మాత్రం మన రాయికి కెనడా జీవిని అతికిస్తున్నాం.

పులివెందుల దగ్గర ఈ రాతిపొరల మధ్యలోకి ఒకప్పుడు కరిగిన రాయి చొరబడి, గట్టిపడి నల్లటి పొరగా నిలిచింది. 2008లో అచ్చయిన ఒక పరిశోధన దాని వయసు సుమారు 188 కోట్ల 50 లక్షల సంవత్సరాలని తేల్చింది. గోడ కట్టిన తరువాతే గదా అందులో మేకు దిగేది? కాబట్టి అది చొరబడిన పొరలు దానికంటే పాతవి. అంటే వాప్టియా బ్రతికిన కాలానికి 130 కోట్ల సంవత్సరాలకు పైగా ముందే ఆ రాళ్ళు పేరుకున్నాయి. ఆ పొరలు పేరుకునే నాటికి పెంకు గల జంతువు ఏదీ లేదు. తాత పెండ్లి పటంలో మనవడిని వెతికితే దొరుకుతాడా? జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు నాపరాయి దానికంటే తరువాతిది. తరతరాలుగా లక్షల బండలు చీల్చి ఇళ్ళకు, మందిరాలకు పరిచారు. అందులోనూ ఇలాంటి రెండు చిప్పల జీవి బయటపడింది లేదు.

"వయసు లెక్కలన్నీ సాతాను లెక్కలు" అని ఒక సహోదరుడు మాతో అన్నాడు. ఆయన కొడుకు పులివెందుల దగ్గరే ఉద్యోగం చేస్తున్నాడు. ఆయనకు మేము చెప్పిన జవాబు ఇది. మన పక్కనే తుమ్మలపల్లెలో యురేనియం తవ్వుతున్నారు. అది ఉన్నది వేంపల్లె రాతిపొరల్లోనే. యురేనియం ఒక లెక్క ప్రకారం మెల్లమెల్లగా సీసంగా మారుతుంది. ఎంత యురేనియం మిగిలింది, ఎంత సీసం పుట్టింది అని కొలిస్తే ఎంత కాలం గడిచిందో తెలుస్తుంది. పులివెందుల నల్లరాయి వయసును తేల్చింది ఈ పద్ధతిలోనే. అదే యురేనియంతో పుట్టిన కరెంటు కింద కూర్చొని, అదే శాస్త్రం చెప్పిన వయసు మాత్రం సాతానుదని అనడం ఏ న్యాయం? త్రాసు ఒకటే అయినప్పుడు, మనకు అనుకూలమైన రోజున తూకం సరి, కాని రోజున తూకం తప్పు అనలేం. దొంగ త్రాసు దేవునికి అసహ్యమని మనమే ప్రసంగిస్తాం.

ప్రొద్దుటూరు బంగారం అంగళ్ళు మీకందరికీ తెలుసు. ఎంత దగ్గరి చుట్టం తెచ్చినా, ఎంత భక్తిపరుడు తెచ్చినా, గీటురాయి మీద గీయకుండా అక్కడ ఎవరూ నగ కొనరు. గీసినందుకు ఎవరూ అవమానపడరు. బంగారం మంచిదైతే గీటుకు భయపడదు. అయితే దేవుని గూర్చిన సాక్ష్యం మన చేతికి వస్తే, గీటు పెట్టకుండానే పదిమందికి పంపుతాం. బంగారానికి ఉన్న విలువ మనం సత్యానికి ఇవ్వడం లేదు.

ఇప్పుడు మా తప్పు చెప్పాలి. వేరేవాళ్ళను దిద్దే ముందు చెప్పాల్సింది అదే గాని, ధైర్యం చాలక ఇంత దూరం వచ్చాం.

సుమారు పన్నెండేళ్ళ కిందట పులివెందుల పక్కన ఒక పల్లెలో మూడు రాత్రులు సువార్త కూటాలు పెట్టాం. అంతకు ముందు వేంపల్లె దారిలో మాకు ఒక రాయి దొరికింది. అరచేతి మందం. ఎర్రగడ్డను అడ్డంగా కోసినట్టు వలయాలు వలయాలుగా ఉంది. రెండో రాత్రి దాన్ని పైకెత్తి చూపి, "చూడండి, సముద్రపు గుల్లలు! మన కొండ మీదికి సముద్రం ఎలా వచ్చింది? నోవహు దినములలో వచ్చింది!" అని గొంతెత్తి చెప్పాం. ఎవరినీ అడగలేదు. ఏ పుస్తకం చూడలేదు. చూస్తే గుల్లలాగే ఉంది, చెబితే జనానికి నచ్చుతుంది. అంతే. ఆ రాత్రి చాలా చేతులు లేచాయి. ఆ లేచిన చేతులను చూసి మా మాట నిజమని మేమే నమ్మాం.

ముందు వరుసలో చాప మీద కూర్చొని నోరు తెరుచుకొని చూసిన పిల్లవాడొకడు ఉన్నాడు. తరువాత వాడు పెద్ద చదువుకు పోయాడు, అదీ భూగర్భశాస్త్రమే. మూడేళ్ళ కిందట క్రిస్మసుకు ఊరికి వచ్చి మా ఇంటికి వచ్చాడు. కాఫీ ఇచ్చాం. తాగలేదు.

"అయ్యగారూ, ఆ రాయి యాడుంది?" అన్నాడు.

బీరువాలోంచి తీసి ఇచ్చాం. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది గుల్ల కాదు అయ్యగారూ. స్ట్రోమటోలైటు. కంటికి కనపడనంత చిన్న జీవులు, పాచి మాదిరి పొర మీద పొర పరిచి కట్టింది. మీరు చెప్పిందే నిజమని నేను కాలేజీలో అందరి ముందర చెప్పినా. నవ్వినారు. నవ్వినందుకు బాధ లేదు. రాయి గురించి తెలియకనే అంత గట్టిగా చెప్పినాయన, పరలోకం గురించి తెలిసే చెప్పినాడా అనిపించింది అయ్యగారూ."

వాడు అరవలేదు. రాయిని జాగ్రత్తగా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ రోజునుండి మందిరానికి రాలేదు. వాళ్ళమ్మ ప్రతి ఆదివారం ఒంటరిగా వస్తుంది. ప్రార్థన మనవులు చెప్పేటప్పుడు కొడుకు పేరు చెబుతుంది, లోకం వాణ్ణి లాగేసిందని ఏడుస్తుంది. వాణ్ణి లాగింది లోకం కాదమ్మా, తోసింది మేము అని ఇప్పటిదాకా ఆమెతో చెప్పలేదు.

1,600 సంవత్సరాల కిందట అగస్టీన్ అనే సంఘ పితరుడు ఆదికాండము మీద వ్యాఖ్యానం రాస్తూ సరిగ్గా ఈ ప్రమాదాన్నే హెచ్చరించాడు. భూమిని గూర్చి, నక్షత్రాలను గూర్చి తెలిసిన అవిశ్వాసి ముందు క్రైస్తవుడు తెలియని మాటలు లేఖనం పేరుతో మాట్లాడితే, కంటికి కనబడే వాటిలోనే తప్పు చెప్పినవాణ్ణి కనబడని వాటిలో ఎవరు నమ్ముతారని ఆయన బాధ. మా ఇంటి వరండాలో ఆ కుర్రవాడు అన్నదీ అదే. వాడు అగస్టీన్‌ను చదివి ఉండడు.

కొందరు తోటి సేవకులు మాతో వాదించారు. వారి మాటలను దాచకుండా ఇక్కడ పెట్టి జవాబు చెబుతాం.

ఒకరు, "ఫోటో ఎక్కడిదైతే ఏమి, ఆత్మలు రక్షింపబడుతున్నాయి గదా?" అన్నారు. ఆ మాట యోబు స్నేహితుల మాట లాంటిది. వారు దేవుని పక్షాన వాదిస్తున్నామనుకున్నారు. చివరికి దేవుడు కోపపడింది వారి మీదే. దేవునికి మన అబద్ధపు సాయం అవసరం లేదు. అబద్ధం మీద లేచిన చెయ్యి, ఆ అబద్ధం బయటపడిన నాడు దిగిపోతుంది. ఫోనులో ఒక్క నిమిషం వెతికితే బయటపడే అబద్ధాన్ని ఎన్నాళ్ళు దాస్తారు?

మరొకరు కొంచెం చదివినవారు. "కెనడాదే అనుకుందాం. అయినా బురద కింద ఒక్కసారిగా పూడ్చబడింది నిజమే గదా? అది జలప్రళయం కాదా?" అన్నారు. బురద జారి ఆ జీవులను కప్పింది, నిజమే. మెత్తని కాళ్ళు, కళ్ళు కూడా రాతిలో నిలిచింది అందుకే. అయితే అది ఒక్కసారి కాదు. సముద్రం అడుగున గట్టు పక్కన బురద జారడం, పేరుకోవడం, మళ్ళీ జారడం, ఇలా పొర మీద పొర. పెన్నా వరదకు ఇసుక మేట వేసిన చేను తవ్వి చూసిన మన రైతు, ఒక వరద పొర ఏదో, పది వరదల పొరలు ఏవో చెప్పగలడు. ఆ పొరల్లో చేప ముల్లు, పక్షి ఈక, గొర్రె ఎముక, మనిషి పుర్రె ఒక్కటీ లేవు. లోకమంతటినీ ముంచిన ఒక్క వరదలో అన్నీ కలిసి పూడాలి గదా? జలప్రళయమును గూర్చి లేఖనం ఏమి బోధిస్తున్నదో ప్రసంగించండి. మేమూ ప్రసంగిస్తాం. మనిషి దుష్టత్వం, దేవుని దుఃఖం, ఓడ, నిబంధన, అన్నీ అక్కడ ఉన్నాయి. వాటికి కెనడా రాయి సాక్ష్యం అక్కరలేదు.

మూడవ మాట చాలా వినిపిస్తున్నది. "ఈ చిప్పల జీవులు ఉన్నట్టుండి, పూర్తి రూపంతో కనబడ్డాయి. ముందు ఏమీ లేదు. కాబట్టి పరిణామం అబద్ధం." మొదటి సగం సగమే నిజం. ఆ కాలంలో రకరకాల జంతువులు త్వరగా కనబడతాయి. అయితే ఆ త్వర ఒక ఉదయం కాదు, కోట్ల సంవత్సరాలు. చైనాలోని చెంగ్జియాంగ్‌లో వాప్టియా కంటే ముందటి రెండు చిప్పల జీవులు, సుమారు 51 కోట్ల 80 లక్షల ఏళ్ళ నాటివి దొరికాయి. వాటికి కోట్ల సంవత్సరాల ముందటి మెత్తని ఒంటి జీవుల ముద్రలు, బురదలో పాకిన జాడలు ఆస్ట్రేలియా, రష్యా రాళ్ళలో ఉన్నాయి. "ముందు ఏమీ లేదు" అన్న మాట మీద దేవుణ్ణి నిలబెడితే, ఏదో ఒకటి దొరికిన ప్రతిసారీ ఆయన్ని ఒక అడుగు వెనక్కి జరపాల్సి వస్తుంది. మన అజ్ఞానంలో మిగిలిన సందుల్లో నివసించేవాడా మన దేవుడు? మనకు తెలిసినవాటికి కూడా ఆయనే దేవుడు కాడా?

నాలుగవవారు నేరుగా మా మీదికే వచ్చారు. "మీరు కోట్ల సంవత్సరాలు నమ్ముతారా, సృష్టిని నమ్ముతారా?" అన్నారు. రెండూ నమ్ముతాం. దాచిపెట్టి మాట్లాడడం మాకు ఇష్టం లేదు. ఆదికాండము మొదటి అధ్యాయాన్ని అక్షరాలా ఏడు రోజులుగా చదివే సహోదరులు మా సంఘంలోనూ ఉన్నారు. వారితో కలిసి రొట్టె విరుస్తాం. వారు వేరుగా చదివినందుకు కాదు ఈ వ్యాసం. వారిలో ఒక పెద్దాయన ఆ ఫోటో చూసి, "తెలియని దాన్ని నేను పంపను" అని తీసేశారు. మా పోట్లాట ఆయనతో కాదు. తెలియని దాన్ని తెలిసినట్టు చెప్పే మా లాంటివారితో.

అవతలి పక్షం వారికీ ఒక మాట. ఇదే ఫోటో పెట్టి, "చూశారా, రాయి దేవుణ్ణి చంపేసింది" అని రాసేవారు కూడా ఉన్నారు. వారూ రాతి నోట తమ మాటే పెడుతున్నారు. రాయి చెప్పేది ఎంతవరకో అంతవరకే వినాలి. ఈ జీవి ఉండేది, ఇలా ఉండేది, ఇంత కాలం కిందట ఉండేది అని మాత్రమే అది చెబుతుంది. దేవుడున్నాడనీ చెప్పదు, లేడనీ చెప్పదు. ఆ రాళ్ళను కనుగొన్న వాల్కాట్ ప్రెస్బిటేరియన్ సంఘ సభ్యుడు. శాస్త్రానికీ మతానికీ పోట్లాట అక్కరలేదని 1923లో వెలువడిన ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకం పెట్టినవారిలో ఒకడు. ఇంకొక సంగతి వింటే మీకు మాలాగే ఆశ్చర్యం వేస్తుంది. వేంపల్లె రాళ్ళలో ఉన్నలాంటి ఆ ఎర్రగడ్డ వలయాలు పాచి లాంటి జీవులు కట్టినవని అమెరికా రాళ్ళను చూసి చెప్పి, 1914లో వాటిలో ఒక రకానికి కొలేనియా అని పేరు పెట్టినవాడు కూడా ఆయనే. మేము తప్పు చెప్పిన రాయి, మనవాళ్ళు దొంగగా అతికించిన జీవి, రెండూ ఒకే విశ్వాసి చేతుల్లో నిజాయితీగా నలిగాయి.

మన దేశంలోనే అలాంటి సేవకుడు ఒకాయన ఉన్నాడు. స్టీఫెన్ హిస్లాప్. స్కాట్లాండు ఫ్రీ చర్చి మిషనరీ. 1845లో నాగపూరు వచ్చాడు. బడి పెట్టాడు, సువార్త చెప్పాడు, గోండుల పాటలు, కథలు రాసి పెట్టాడు. దారిలో రాళ్ళు కూడా ఏరాడు. ఆయన, తోటి మిషనరీ రాబర్ట్ హంటర్ కలిసి మంగలి అనే ఊరి రాళ్ళలో చిన్న చిన్న రెండు చిప్పల జీవులను సేకరించారు. ఇవీ కీళ్ళ కాళ్ళ కుటుంబమే, ఎస్థీరియా అంటారు. హిస్లాప్ వాటిని చూసి ప్రసంగానికి పనికొస్తాయని సంచిలో దాచుకోలేదు. తనకంటే తెలిసినవారికి పంపాడు. 1862లో లండనులో రూపర్ట్ జోన్స్ అచ్చు వేసిన గ్రంథంలో వాటికి మంగలి పేరు నిలిచింది. ప్రాణహిత ఒడ్డున తెలంగాణకు ఎదురుగా ఉన్న కోట ఊరి పేరుతోనూ ఒక ఎస్థీరియా అదే గ్రంథంలో ఉంది. హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో మన పిల్లలు చూసి వచ్చే కోటసారస్ అస్థిపంజరానికీ ఆ కోట రాళ్ళ పేరే. అంటే రెండు చిప్పల జీవి కావాలంటే తెలుగు నేల అంచుననే నిజమైనది ఉంది. దొంగది ఎందుకు?

హిస్లాప్ 1863 సెప్టెంబరు 4న పాతకాలపు రాతి వలయాలు తవ్వి చూసి తిరిగి వస్తూ, పొంగిన వాగు దాటబోయి మునిగిపోయాడు. మిషనరీగానే చచ్చిపోయాడు, రాళ్ళు ఏరుతూనే చచ్చిపోయాడు. ఆయనకు ఈ రెండింటి మధ్య గోడ లేదు. మన జమ్మలమడుగులో లండన్ మిషన్ వారు కాంబెల్ ఆసుపత్రి కట్టినప్పుడూ గోడ లేదు. మన అవ్వాతాతలు అక్కడ ప్రార్థన విన్నారు, అక్కడే మందూ తాగారు. మందు సీసా మీద ఉన్నది శాస్త్రమని ఎవరూ పారబోయలేదు. ఈ గోడ మనం ఈ మధ్య కట్టుకున్నది.

మరి వాప్టియాను చూసి మనం స్తుతించకూడదా? స్తుతించవచ్చు, అది ఉన్నది ఉన్నట్టుగా ఉంచి. కెనడాలో దొరికిన ఆ జీవుల్లో అయిదింటిని ఇద్దరు పరిశోధకులు పరీక్షగా చూసి, వాటి రెండు చిప్పల మాటున గుడ్లు ఉన్నట్టు కనుగొన్నారు. ఒక్కో తల్లి దగ్గర మహా అయితే ఇరవై నాలుగు. ఒక్కోటి సుమారు రెండు మిల్లీమీటర్లు. గుడ్లను నీటిలో వదిలేసి పోకుండా, తన పెంకు కింద మోసుకు తిరిగింది ఆ తల్లి. ఈ మాట చదివిన రోజు మేము పుస్తకం మూసి చాలాసేపు మౌనంగా కూర్చున్నాం. దీన్ని మేము రుజువుగా వాడబోము. "కాబట్టి దేవుడున్నాడు" అని ముగింపు కట్టబోము. పిల్లలను రెక్కల కింద దాచుకునే తల్లిని చూసి మనసు కరిగితే అది ఆరాధన. ఆరాధనకు అబద్ధం కలపాల్సిన పని లేదు.

తోటి సేవకులకు మా మనవి మూడు మాటలు. ఒకటి, ఎక్కడిదో తెలియని ఫోటోను మందిరంలో చూపకండి, పంపకండి. "ఇది ఎక్కడిది, ఎవరు చెప్పారు" అని అడిగిన విశ్వాసిని అవిశ్వాసి అని కసరకండి. అతడు మీ గీటురాయి. రెండు, మీ సంఘంలో చదువుకున్న పిల్లలున్నారు. ప్రసంగానికి ముందు వాళ్ళను అడగండి. పిల్లవాణ్ణి అడిగితే చిన్నతనం కాదు. పన్నెండేళ్ళ కిందట అడిగే వీలు మాకు లేకపోయినా, కడప దాకా బస్సెక్కి ఒక అధ్యాపకుడిని అడిగి ఉంటే ఆ కుర్రవాడు ఈ రోజు వాళ్ళమ్మ పక్కన కూర్చొని ఉండేవాడేమో. మూడు, తప్పు చెప్పి ఉంటే, చెప్పిన చోటే దిద్దుకోండి. మైకులో చెప్పిన అబద్ధానికి చెవిలో చెప్పే క్షమాపణ సరిపోదు.

మూడవది మాకే ముందు వర్తిస్తుంది. వచ్చే ఆదివారం ఆరాధన తరువాత ఆ వేంపల్లె రాయిని బల్ల మీద పెడతాం. మేము ఏమి చెప్పామో, అది ఎందుకు తప్పో, ఆ రాయి నిజంగా ఏమిటో చెబుతాం. ముందురోజు సాయంత్రం ఆ తల్లి ఇంటికి పోయి ఆమెతో విడిగా చెబుతాం. ఆ కుర్రవాడికి ఫోను చేశాం. ఎత్తలేదు. ఈ వ్యాసం వాడికి పంపుతాం. వస్తాడని కాదు. వాడు ఆ రోజు చెప్పింది మేము విన్నామని వాడికి తెలియాలి.

ప్రార్థన చేద్దాం. సత్యవంతుడవైన తండ్రీ, నీ మహిమ కోసమని మేము చెప్పిన అబద్ధాలను క్షమించు. మా మాటల వలన తొట్రిల్లిన చిన్నవారిని నీ చేతులతో లేపు. మా కాళ్ళ కింద నీవు పరచిన ఈ బండలను చూసేటప్పుడు మాకు ఓపిక, భయభక్తులు, తెలియదని ఒప్పుకునే ధైర్యం దయచేయి. ఒంటరిగా వస్తున్న ఆ తల్లిని ఆదరించు. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమెన్.